రక్తసంబంధీకుల కిడ్నీ మార్పిడి సేవ: గ్రహీత ఫలితంతో పాటు దాత ఫలితాన్నీ చూసి రాసిన సమీక్ష

కిడ్నీ మార్పిడి సేవ గురించి ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన వారంలోనే రాసే సమీక్షలకు విలువ తక్కువ. శస్త్రచికిత్స సవ్యంగా జరిగిందా, సిబ్బంది ఆదరంగా చూశారా, గదులు శుభ్రంగా ఉన్నాయా అన్నంతవరకే అప్పటికి తెలుస్తుంది. మార్చిన కిడ్నీ ఎన్నేళ్లు నిలుస్తుందో, ఇచ్చిన మనిషి ఆరోగ్యం ఎలా ఉంటుందో తెలియదు. మా తమ్ముడికి నేను కిడ్నీ ఇచ్చి కొన్నేళ్లు గడిచాయి. ఆ కిడ్నీ చక్కగా పనిచేస్తోంది, నా ఆరోగ్యమూ బాగుంది. అందుకే ఈ సేవను దీర్ఘకాలిక ఫలితాలనే అసలు కొలమానంతో తూచి రాయడానికి ఇది తగిన సమయమని భావిస్తున్నాను. మేము వెళ్లిన ఆస్పత్రి పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పదలచిన మంచిచెడ్డల్లో ఎక్కువ భాగం ఏ ఒక్క ఆస్పత్రికో పరిమితమైనవి కావు.

నా అంచనాను ముందే చెబుతాను. కిడ్నీలు పూర్తిగా విఫలమైన వ్యక్తికి, ఆరోగ్యవంతుడైన దాత దొరికినప్పుడు, ఇంతకంటే మంచి ఫలితమిచ్చే చికిత్స మరొకటి లేదు. గ్రహీతకు అందే సేవలో నాకు పెద్దగా లోపం కనిపించలేదు. దాతకు అందే సేవ మాత్రం ఆపరేషన్ వరకు ఎంతో శ్రద్ధగా సాగి, ఆ తర్వాత సన్నగిల్లిపోతోంది. దాత రక్తసంబంధీకుడైనప్పుడు ఈ లోపం మరింత బరువైనది, ఎందుకో ముందు ముందు వివరిస్తాను.

గ్రహీత ఫలితాలతో మొదలుపెడతాను. అమెరికాలో జరిగిన కిడ్నీ మార్పిళ్లను కాలాలవారీగా పోల్చి 2021లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, 1995–99 మధ్య మార్చిన కిడ్నీల మధ్యస్థ ఆయుష్షు మరణించిన దాతల నుంచి తీసినవాటికి 8.2 ఏళ్లు, జీవించి ఉన్న దాతల నుంచి తీసినవాటికి 12.1 ఏళ్లు. 2014–17 మధ్య చేసిన మార్పిళ్లకు ఆ అంచనాలు వరుసగా 11.7 ఏళ్లకు, 19.2 ఏళ్లకు పెరిగాయి. అంటే ఇటీవలి కాలంలో జీవించి ఉన్న దాత కిడ్నీ పొందినవారిలో సగం మందికి అది పంతొమ్మిదేళ్లు దాటి పనిచేస్తుందని అంచనా. ఇది ఒక దేశపు సగటు మాత్రమే, ఎవరికీ వ్యక్తిగతంగా ఇచ్చే హామీ కాదు. అయినా రెండు రకాల దానాల మధ్య ఉన్న అంతరం ఎంత పెద్దదో ఈ అంకెలు స్పష్టంగానే చూపుతున్నాయి.

ఈ అంతరానికి రక్తసంబంధమే కారణమని చాలామంది అనుకుంటారు. ప్రధాన కారణాలు వేరే ఉన్నాయి. జీవించి ఉన్న దాత కిడ్నీని క్షుణ్ణంగా పరీక్షించి, పూర్తి ఆరోగ్యంగా ఉందని తేల్చుకున్నాకే తీస్తారు. పక్కపక్క ఆపరేషన్ గదుల్లోనే పని జరుగుతుంది కనుక కిడ్నీ రక్తప్రసారం లేకుండా మంచుచల్లదనంలో గడిపే సమయం చాలా తక్కువ. మెదడు మరణించిన మనిషి శరీరంలో చెలరేగే రక్తపోటు ఒడిదుడుకులు, వాపు ప్రక్రియలు ఈ కిడ్నీని తాకవు. అన్నిటికన్నా ముఖ్యంగా, ముహూర్తం మన చేతిలో ఉంటుంది. గ్రహీతకు ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గేవరకు ఆగవచ్చు, డయాలసిస్ మొదలుకాకముందే మార్పిడి పూర్తిచేయవచ్చు.

ఈ చివరి అంశాన్ని సలహా ఇచ్చే వైద్యులు ఇంకా గట్టిగా చెప్పాలన్నది నా అభిప్రాయం. 2002లో అమెరికా గణాంకాలతో వెలువడిన ఒక అధ్యయనంలో, డయాలసిస్‌కు వెళ్లకుండానే జీవించి ఉన్న దాత కిడ్నీ పొందినవారిలో పదేళ్లకు 75 శాతం కిడ్నీలు పనిచేస్తుండగా, రెండేళ్ల డయాలసిస్ తర్వాత పొందినవారిలో ఆ సంఖ్య 49 శాతం దగ్గర ఆగిపోయింది. చికిత్స అదే, దాతలు అదే రకం. మధ్యలో గడిచిన కాలం గుండెనూ రక్తనాళాలనూ అంతగా దెబ్బతీస్తోంది. 1999లో వచ్చిన మరో ప్రసిద్ధ అధ్యయనం, నిరీక్షణ జాబితాలో ఉండి డయాలసిస్ మీద కొనసాగినవారితో పోలిస్తే మరణించిన దాత కిడ్నీ పొందినవారికి దీర్ఘకాలంలో మరణించే అవకాశం 68 శాతం తక్కువని తేల్చింది. ఆపరేషన్ జరిగిన తొలి రెండు వారాల్లో మాత్రం ఆ అవకాశం 2.8 రెట్లు ఎక్కువగా ఉందని కూడా అదే అధ్యయనం చెప్పింది. మా నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్య నిపుణుడు) ఈ రెండో వాక్యాన్ని దాచకుండా చెప్పినందుకు ఆయన మీద మాకు గౌరవం పెరిగింది.

ఈ సేవ చరిత్రే రక్తసంబంధీకులతో మొదలైంది. 1952 డిసెంబరులో పారిస్‌లోని నెకర్ ఆస్పత్రిలో, ప్రమాదం వల్ల తనకున్న ఒకే ఒక్క కిడ్నీనీ కోల్పోయిన పదహారేళ్ల కుర్రవాడికి తల్లి కిడ్నీని అమర్చారు. అది వెంటనే పనిచేసింది, సుమారు మూడు వారాల తర్వాత శరీరం దాన్ని తిరస్కరించింది. తిరస్కరణను ఆపే మందులు అప్పటికి లేవు. రెండేళ్ల తర్వాత, 1954 డిసెంబరు 23న, బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో జోసెఫ్ ముర్రే బృందం రోనాల్డ్ హెరిక్ కిడ్నీని అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చింది. ఒకే అండం నుంచి పుట్టిన కవలలు కావడం వల్ల తిరస్కరణ సమస్యే రాలేదు. రిచర్డ్ మరో ఎనిమిదేళ్లు జీవించారు. దానం చేసిన రోనాల్డ్ 2010 వరకు ఉన్నారు. ముర్రేకు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. అందరూ చెప్పుకునే ఈ కథలో అంతగా వినిపించని భాగం ఒకటుంది: రిచర్డ్ కిడ్నీలను మొదట పాడుచేసిన వ్యాధి, కొత్త కిడ్నీలోనూ తిరిగి వచ్చింది. రక్తసంబంధీకుల మార్పిడిలో నేటికీ అడగవలసిన ప్రశ్న ఆ తొలి విజయంలోనే ఉంది.

ఇక సరిపోలిక విషయం. ఒక్కొక్కరికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున, శరీరం తన కణాలనూ పరాయి కణాలనూ వేరుగా గుర్తించడానికి తోడ్పడే రెండు హెచ్‌ఎల్‌ఏ జన్యు సముదాయాలు వస్తాయి. అందువల్ల తల్లిదండ్రులకూ బిడ్డకూ మధ్య ఎప్పుడూ సగం సరిపోతుంది. తోబుట్టువుల మధ్య నాలుగింట ఒక వంతు అవకాశం పూర్తి సరిపోలికకు, సగం అవకాశం సగం సరిపోలికకు, మిగిలిన నాలుగింట ఒక వంతు అవకాశం అసలు సరిపోకపోవడానికి ఉంటుంది. పూర్తిగా సరిపోయిన అక్కచెల్లెళ్లు, అన్నదమ్ముల మధ్య మార్పిళ్లు అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలుస్తాయన్నది నిజం. మాకు సగమే సరిపోయింది. ఆ మాట విన్నప్పుడు ఇంట్లో అందరూ నీరుగారిపోయారు, సగం సరిపోతే సగం ఫలితమేనని మా అమ్మానాన్నలు అర్థం చేసుకున్నారు. మార్పిడి సమన్వయకర్త మమ్మల్ని కూర్చోబెట్టి టెరసాకి అనే పరిశోధకుడి 1995 నాటి అధ్యయనాన్ని వివరించిన తర్వాతే ఆ భయం తీరింది.

ఆ అధ్యయనం గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే ఎన్నో కుటుంబాల నిర్ణయాలు దాని మీద ఆధారపడి ఉన్నాయి. మూడేళ్ల తర్వాత ఎన్ని కిడ్నీలు పనిచేస్తున్నాయో చూస్తే, జీవిత భాగస్వాముల నుంచి తీసుకున్నవి 85 శాతం, రక్తసంబంధం లేని ఇతర దాతలవి 81 శాతం, తల్లిదండ్రులవి 82 శాతం, మరణించిన దాతలవి 70 శాతం. భార్యాభర్తల మధ్య హెచ్‌ఎల్‌ఏ పరంగా సరిపోలిక దాదాపు ఏమీ ఉండదు, అయినా ఫలితం తల్లిదండ్రుల కిడ్నీతో సమానంగా ఉంది. ప్రాణంతో ఉన్న ఆరోగ్యవంతుడి నుంచి రావడమే ఆ కిడ్నీకి అతిపెద్ద బలమని దీనితో రుజువైంది. తిరస్కరణను ఆపే మందులు, 1980ల్లో సైక్లోస్పోరిన్, 1990ల్లో టాక్రోలిమస్, మైకోఫినోలేట్ వచ్చాక జన్యు సరిపోలిక ప్రాధాన్యం ఇంకా తగ్గింది, పూర్తిగా పోలేదు. సరిపోలిక తక్కువైనకొద్దీ ఏళ్లు గడిచాక ఆ కిడ్నీ మీద దాడి చేసే కొత్త యాంటీబాడీలు పుట్టే ముప్పు పెరుగుతుంది. గ్రహీత చిన్నవయసువాడై, జీవితకాలంలో రెండో కిడ్నీ అవసరమయ్యే అవకాశం ఉంటే దీన్ని తప్పక లెక్కలోకి తీసుకోవాలి.

సరిపోలిక కంటే క్రాస్ మ్యాచ్ ముఖ్యం. దాత కణాల మీద దాడి చేసే యాంటీబాడీలు గ్రహీత రక్తంలో ముందే ఉన్నాయా అన్నది ఈ పరీక్ష చెబుతుంది. 1969లో పటేల్, టెరసాకి దీని విలువను చాటిచెప్పినప్పటి నుంచి, క్రాస్ మ్యాచ్ చేయకుండా మార్పిడి చేయడమన్నది లేదు. రక్తమార్పిడులు, గత మార్పిళ్లు, గర్భధారణలు ఈ యాంటీబాడీలకు కారణమవుతాయి. బిడ్డను మోసిన తల్లి శరీరం, ఆ బిడ్డలో తండ్రి నుంచి వచ్చిన అంశాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసి ఉండవచ్చు. అందుకే భర్త నుంచి భార్యకు, బిడ్డ నుంచి తల్లికి కిడ్నీ ఇవ్వదలచినప్పుడు ఈ పరీక్షను మరింత జాగ్రత్తగా చూస్తారు. క్రాస్ మ్యాచ్ ప్రతికూలించినా, రక్తం గ్రూపు కలవకపోయినా దారి పూర్తిగా మూసుకుపోదు. ఇద్దరు అలాంటి దాతలు పరస్పరం ఎదుటి కుటుంబానికి కిడ్నీ ఇచ్చుకునే జంటల మార్పిడిని 1986లో రాపపోర్ట్ అనే వైద్యుడు ప్రతిపాదించగా, 1991లో దక్షిణ కొరియాలో అది ఆచరణలోకి వచ్చింది.

దాతను పరీక్షించే దశలో మేము వెళ్లిన విభాగం చూపిన శ్రద్ధకు నిండు మార్కులు ఇస్తాను. గ్రహీతను చూసే వైద్యుడు వేరు, దాతను చూసే వైద్యుడు వేరు. నా వైద్యురాలికి మా తమ్ముడి అవసరంతో నిమిత్తం లేదు, నా శ్రేయస్సు ఒక్కటే ఆమె బాధ్యత. కిడ్నీల వడపోత సామర్థ్యం, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, రక్తపోటు, చక్కెర, ఇన్ఫెక్షన్లు, రక్తనాళాల సీటీ స్కాన్ అన్నీ చూశాక, కుటుంబ సభ్యులెవరూ లేకుండా నాతో విడిగా చాలాసేపు మాట్లాడారు. "మీకు ఇష్టం లేకపోతే ఆ సంగతి ఈ గది దాటి బయటికి వెళ్లదు. మీరు వైద్యపరంగా తగిన దాత కారని మాత్రమే మీవాళ్లకు చెబుతాము" అన్నారు. ఇంట్లో ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, అయినా ఆ మాట విన్నాక నా అంగీకారం నిజంగా నాదేనని నాకే స్పష్టమైంది. ఎన్నో దేశాల గణాంకాల్లో ఇచ్చేవారిలో స్త్రీలు ఎక్కువగా, పుచ్చుకునేవారిలో పురుషులు ఎక్కువగా ఉన్నారన్న వాస్తవాన్ని చూస్తే, ఇలాంటి ఏకాంత సంభాషణ లేని విభాగాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయలేను.

ఆపరేషన్ గురించి ఎక్కువ రాయవలసింది లేదు. చిన్న రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పంపి చేసే, 1995లో మొదలైన ల్యాపరోస్కోపిక్ పద్ధతి వల్ల దాతకు పెద్ద కోత తప్పింది. సాధారణంగా రక్తనాళం పొడవుగా ఉండే ఎడమ కిడ్నీని తీస్తారు. పొట్టలోకి పంపిన వాయువు వల్ల కోత దగ్గరకంటే భుజాల్లో నొప్పి ఎక్కువగా ఉంటుందని ముందే చెప్పి ఉంచడం మంచిదైంది. గాయం త్వరగానే మానింది, అలసట తగ్గడానికి మాత్రం అంతకంటే చాలా ఎక్కువ కాలం పట్టింది. ప్రాణాపాయం విషయంలో, అమెరికాలో 1994–2009 మధ్య దానం చేసినవారిలో తొంభై రోజుల్లోపు మరణాలు ప్రతి పదివేల మందికి 3.1 కాగా, 2013–22 మధ్య అవి 0.9కి తగ్గాయి. చాలా చిన్న అంకె, అయినా సున్నా కాదు, సంతకం పెట్టేముందు ఈ అంకెను దాత తన చెవులతో వినాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక కిడ్నీ తీసేసిన వెంటనే దాత మొత్తం వడపోత సామర్థ్యం సగానికి పడిపోతుంది. మిగిలిన కిడ్నీ తన పనిని పెంచుకోవడంతో కొద్ది నెలల్లో అది పాత స్థాయిలో 65–70 శాతానికి చేరుతుంది. సాధారణ జీవితానికి ఇది చాలు. అమెరికాలోని మినెసోటాలో 1963 నుంచి 2007 వరకు దానం చేసినవారిని పరిశీలించిన 2009 నాటి అధ్యయనం, దాతల ఆయుష్షు సాధారణ జనాభా ఆయుష్షుతో సమానంగానే ఉందని చెప్పింది. ఏళ్ల తరబడి దాతలకు ఇదే మాట వినిపించారు. ఆ పోలికలో ఒక లోపం ఉంది. దాతలు సాధారణ జనాభా కారు, కఠినమైన పరీక్షలు నెగ్గిన ఆరోగ్యవంతులు. వారిని దానం చేయని అంతే ఆరోగ్యవంతులతో పోల్చాలి.

2014లో అలాంటి పోలికలు రెండు వెలువడ్డాయి. అమెరికా అధ్యయనంలో, దానం తర్వాత పదిహేనేళ్లలో కిడ్నీలు పూర్తిగా విఫలమయ్యే అవకాశం దాతల్లో ప్రతి పదివేల మందికి 30.8 కాగా, అంతే ఆరోగ్యవంతులైన ఇతరుల్లో 3.9గా తేలింది. జీవితకాలపు అంచనా దాతలకు పదివేలకు 90, ఆరోగ్యవంతులైన ఇతరులకు 14, ఏ ఎంపికా లేని సాధారణ జనాభాకు 326. అంటే దాతకు ముప్పు పక్కింటివారికంటే తక్కువే, కానీ దానం చేయకపోయి ఉంటే తనకు ఉండేదానికంటే ఎక్కువ. నూటికి ఒకరికంటే తక్కువ మందికి సంభవించే ఈ ముప్పును నేను అంగీకరించాను, మళ్లీ అడిగినా అంగీకరిస్తాను. అయితే అంగీకరించడానికి ముందు అది ఎంతో తెలియాలి కదా.

నార్వే నుంచి వచ్చిన రెండో అధ్యయనం రక్తసంబంధీకులకు నేరుగా వర్తిస్తుంది. అక్కడ 1,901 మంది దాతల్లో తొమ్మిది మందికి కిడ్నీలు పూర్తిగా విఫలమయ్యాయి; వారంతా తమ గ్రహీతకు రక్తసంబంధీకులే. 2017లో వెలువడిన మరో అమెరికా విశ్లేషణ కూడా, గ్రహీతకు తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు అయిన దాతలకు ఈ ముప్పు ఇతర దాతలకంటే సుమారు 1.7 రెట్లు ఉంటుందని చెప్పింది. ఇందులో ఆశ్చర్యం లేదు. తమ్ముడి కిడ్నీలను పాడుచేసిన వంశపారంపర్య బలహీనత అక్కలోనూ ఉండవచ్చు. దగ్గరితనం గ్రహీతకు కొంత మేలు చేస్తుంది, అదే దగ్గరితనం దాతకు కొంత ముప్పు తెస్తుంది. మొదటి సగాన్ని ప్రతి ఆస్పత్రి కరపత్రంలో రాస్తారు, రెండో సగాన్ని అడిగితే తప్ప చెప్పరు.

అందువల్ల గ్రహీత కిడ్నీలు ఎందుకు చెడిపోయాయన్నది దాతకు సంబంధించిన ప్రశ్న కూడా. కారణం తెలియకుండా, బయాప్సీ లేకుండా, కుటుంబంలో మరెవరికైనా ఉందో లేదో విచారించకుండా తోబుట్టువును దాతగా నిర్ణయించడం తొందరపాటు. కిడ్నీల్లో నీటితిత్తులు పెరిగే పాలిసిస్టిక్ వ్యాధి, వినికిడి లోపంతో కలిసి వచ్చే ఆల్పోర్ట్ వ్యాధి ఉన్న కుటుంబాల్లో, చిన్న వయసు దాత స్కాన్‌లో బాగున్నట్టు కనిపించినా జన్యు పరీక్షతోనే తేల్చుకోవడం మేలు. ఇరవైల్లో ఉన్న దాత కంటే యాభైల్లో ఉన్న దాత గురించే ఎక్కువ ధైర్యంగా మాట్లాడవచ్చన్నది వినడానికి వింతగా ఉంటుంది గాని, యాభై ఏళ్లు వచ్చినా చక్కెర, రక్తపోటు, వంశపారంపర్య వ్యాధి రానివారికి అవి వచ్చే కాలం చాలావరకు గడిచిపోయినట్టే. ఇంకా పిల్లలు కనదలచిన యువతులకు మరో అంకె చెప్పాలి: 2015లో కెనడాలోని ఆంటారియో నుంచి వచ్చిన అధ్యయనంలో, గర్భధారణ సమయపు రక్తపోటు లేదా దాని తీవ్ర రూపమైన ప్రీఎక్లాంప్సియా దాతల గర్భధారణల్లో 11 శాతం, దానం చేయనివారి గర్భధారణల్లో 5 శాతం కనిపించాయి. బిడ్డల ఆరోగ్యం విషయంలో పెద్ద తేడా లేదు.

నా ఫిర్యాదు ఇక్కడే ఉంది. దాతలకు కనీసం ఏడాదికొకసారి రక్తపోటు, బరువు, క్రియాటినిన్ (కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం), మూత్రంలో ఆల్బుమిన్ చూడాలని కిడ్నీ వైద్య ప్రమాణాలు రూపొందించే కేడీఐజీఓ సంస్థ 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మా తమ్ముడికి పరీక్ష తేదీ దగ్గరపడితే సమన్వయకర్త నుంచి ఫోను వస్తుంది, ఒక్కరోజు ఆలస్యమైనా మళ్లీ వస్తుంది. నాకు మొదటి ఏడాది తర్వాత పిలుపు రావడం ఆగిపోయింది. నేనే అడిగి పరీక్షలు చేయించుకుంటున్నాను. మరో చోట వేరే కారణంతో రక్తపరీక్ష చేయించుకున్నప్పుడు, క్రియాటినిన్ చూసిన వైద్యుడు నాకు దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉందని రాసేశారు. ఒక కిడ్నీతో ఉన్న దాతకు ఆ అంకె సహజమేనని, ఆల్బుమిన్ లేకుండా అంకె నిలకడగా ఉన్నంతకాలం అది వ్యాధి లక్షణం కాదని వివరించే లేఖ నా దగ్గర లేదు. డిశ్చార్జి పత్రంలో ఆపరేషన్ వివరాలున్నాయి, దానానికి ముందు నా వడపోత సామర్థ్యం ఎంతో కూడా లేదు. ఇలాంటి లేఖ ఇవ్వడానికి కొత్త యంత్రాలు అక్కరలేదు, దాత కూడా తమ బాధ్యతేనని గుర్తిస్తే చాలు. ఈ ఒక్క కారణంతో ఆ విభాగానికి దాత సేవలో సగం మార్కులు తగ్గిస్తున్నాను.

గ్రహీత సేవ ఎంత పటిష్ఠంగా ఉందో చూస్తే ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కొత్త కిడ్నీని పొత్తికడుపులో ఒక పక్కన అమర్చి, పాత కిడ్నీలను సాధారణంగా అలాగే వదిలేస్తారు. జీవించి ఉన్న దాత కిడ్నీ చాలాసార్లు ఆపరేషన్ బల్ల మీదే మూత్రం పోయడం మొదలుపెడుతుంది. ఆ తర్వాతి నెలల్లో టాక్రోలిమస్ స్థాయిని పదేపదే కొలిచి మోతాదు సరిచేశారు. స్థాయి తగ్గితే తిరస్కరణ, పెరిగితే కిడ్నీకే హాని. క్లారిత్రోమైసిన్, ఫ్లుకోనజోల్ వంటి మందులు ఆ స్థాయిని పెంచుతాయి, రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. అందువల్ల చిన్న జ్వరానికి ఎవరో రాసిన మాత్ర కూడా విభాగాన్ని అడగకుండా వేసుకోవద్దని మా తమ్ముడికి నూరిపోశారు. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు విజృంభించే సైటోమెగలో వైరస్, బీకే వైరస్ పరీక్షలు క్రమం తప్పలేదు. మందుల వల్ల చక్కెర వ్యాధి వచ్చే అవకాశం, చర్మ క్యాన్సర్ ముప్పు, పిల్లలు కనదలచిన స్త్రీలు మైకోఫినోలేట్‌ను ముందే మార్చుకోవలసిన అవసరం అన్నీ రాతపూర్వకంగా ఇచ్చారు.

ఏళ్లు గడిచాక కిడ్నీ పోవడానికి తొలినాళ్ల తీవ్ర తిరస్కరణ కంటే, నెమ్మదిగా పెరిగే యాంటీబాడీల దాడి పెద్ద కారణం. మందులు మానేయడం, వేళ తప్పించడం దానికి తలుపు తీస్తాయి. బాగున్నాను కదా అనిపించే మూడో, నాలుగో ఏట, అందులోనూ కౌమారం దాటుతున్న వయసులో, ఈ ప్రమాదం ఎక్కువ. కిడ్నీ పనిచేస్తుండగానే గుండెజబ్బుతో, ఇన్ఫెక్షన్‌తో, క్యాన్సర్‌తో మరణించేవారూ ఉన్నారు కనుక రక్తపోటు, కొలెస్టరాల్, పొగతాగడం గురించి వైద్యులు చెప్పేది మార్పిడికి సంబంధం లేని ఉపదేశం కాదు. వ్యాధి తిరిగి రావడం సంగతి కూడా ఉంది. ఎఫ్‌ఎస్‌జీఎస్ అనే, కిడ్నీ వడపోత భాగాల్లో మచ్చలు పడే వ్యాధి ప్రాథమిక రూపంలో ఉన్నవారిలో సుమారు పదిమందిలో ముగ్గురికి కొత్త కిడ్నీలోనూ వస్తుంది. కాలేయంలో ఆక్సలేట్ అధికంగా తయారయ్యే హైపరాక్సలూరియాను ముందే గుర్తించకపోతే, తోబుట్టువు ఇచ్చిన కిడ్నీ కొద్ది కాలంలోనే రాళ్ల నిక్షేపాలతో నిండిపోవచ్చు. దానం చేసినందుకు పశ్చాత్తాపపడే దాతలు తక్కువే అయినా, ఇచ్చిన కిడ్నీ త్వరగా పోయిన సందర్భాల్లో వారి మనోవేదన ఎక్కువ. దాతకు ఆ అవకాశం ముందే తెలిసి ఉండాలి, అలా జరిగినప్పుడు మాట్లాడేందుకు విభాగంలో ఒక మనిషి ఉండాలి.

ఈ సేవను ఎంచుకోబోయే కుటుంబాలకు నేను చెప్పగలిగింది ఇది. డయాలసిస్ మొదలయ్యేదాకా ఆగకుండా, వడపోత సామర్థ్యం తగ్గుతున్న దశలోనే మార్పిడి విభాగాన్ని కలవండి. వారి ఏడాది, అయిదేళ్ల, పదేళ్ల ఫలితాలు ఎంతో, అవి జీవించి ఉన్న దాతలకు విడిగా లెక్కించినవో కాదో అడగండి. రోగనిర్ధారణ తేలకుండా తోబుట్టువును ఒప్పించడానికి తొందరపడకండి. జన్యు కారణం బయటపడితే, రక్తసంబంధం లేని జీవిత భాగస్వామి కిడ్నీ ఇద్దరికీ మెరుగైన దారి కావచ్చు. దాత మాత్రం విడిగా ఒక మాట అడగాలి: అయిదేళ్ల క్రితం ఇక్కడ దానం చేసినవారిలో ఎంతమంది నిరుడు పరీక్షకు వచ్చారు? ఈ ప్రశ్నకు అంకెతో జవాబు చెప్పగలిగిన విభాగాన్ని ఎంచుకోండి. ఇంటికి వచ్చేముందు, దానానికి ముందరి క్రియాటినిన్, వడపోత సామర్థ్యం, ఏ వైపు కిడ్నీ తీశారు, ఇకమీదట సహజంగా ఉండే అంకెల పరిధి, మానుకోవలసిన నొప్పి మాత్రల పేర్లు, ఏటా చేయించవలసిన పరీక్షలు రాసి, వైద్యులు సంతకం చేసిన లేఖను తీసుకుని, ఏ కొత్త వైద్యుడి దగ్గరికి వెళ్లినా వెంట ఉంచుకోండి.